ఎట్టయాపురం ఫిడేలు: బాలస్వామి దీక్షితులవారి చరిత్ర

మధుర నుండి తిరునెల్వేలికి పోయే పెద్దబాటలో కోవిల్‌పట్టి దాటి కొంతదూరం దక్షిణంగా పోతే కయత్తారు వస్తుంది. ఆ ఊరు ఎందుకు పేరుపడ్డదో ఈ ప్రాంతంలో పుట్టిన మన పిల్లలకు చెప్పనక్కరలేదు. 1799 అక్టోబరు 16న కుంపిణీ సేనాని మేజర్ బానర్మన్ దొర పాంచాలంకురిచ్చి పాలెగాడైన వీరపాండ్య కట్టబొమ్మ నాయకుణ్ణి అక్కడే విచారించి, అక్కడే చింతచెట్టుకు ఉరి తీయించినాడు. కట్టబొమ్మది ఇంట తెలుగు మాట్లాడే రాజకంబళం నాయకుల వంశం. అతనికి పొరుగు పాలెం ఎట్టయాపురం. ఆ పాలెంవారూ ఆ కులంవారే, వారింటి మాటా తెలుగే. అయినా ఆ పోరులో ఎట్టయాపురంవారు కుంపిణీ పక్షాన నిలిచినారు. పాంచాలంకురిచ్చి సీమలో కొంత భాగం తరువాత వారికి దక్కింది. దాని ఫలితంగా తమిళంలో ఎట్టప్పడనే పేరు ద్రోహికి మారుపేరై కూర్చున్నది. నేటికీ ఇక్కడి వీధులలో ఇద్దరు తగవులాడుకుంటే ఆ పేరు వినబడుతుంది.

ఈ కథ మన ఇండ్లలో అందరూ చెప్పుకునేదే. చాలామంది చెప్పుకోని కథ మరొకటి ఉన్నది. కట్టబొమ్మను ఉరితీసిన కుంపిణీవారి కోటలోనుండి వచ్చిన ఒక వాద్యం, అదే ఎట్టయాపురం కొలువులో, ఒక విద్వాంసుని చేతిలో ముప్పది ఏండ్లకు పైగా మ్రోగింది. ఈనాడు ఏ కర్ణాటక సంగీత కచేరీకి పోయినా గాయకుని ప్రక్కన అది కూర్చుని ఉంటుంది. అదే ఫిడేలు. ఆ విద్వాంసుడు బాలస్వామి దీక్షితులు.

త్యాగరాజస్వామివారిని గురించి, ముత్తుస్వామి దీక్షితులవారిని గురించి ఉగాది సంచికలలో ఏటేటా వ్యాసాలు వస్తూనే ఉంటవి. అవి రావలసినవే. ఈసారి మేము ముత్తుస్వామి దీక్షితులవారి చిన్న తమ్ముణ్ణి మన కుటుంబాలకు పరిచయం చేయదలచుకున్నాము. పరాయి వస్తువును ఇంట్లోకి తెచ్చుకుని, దానిని ఎంతవరకు మార్చవచ్చు, దానికోసం మనం ఎంతవరకు మారవచ్చు అనే ప్రశ్న సొంత ఊరు విడిచివచ్చిన మనకు ప్రతి ఇంటా ఉన్నదే కదా.

వీరి తండ్రిగారు రామస్వామి దీక్షితులు, 1735లో పుట్టి 1817లో గతించినవారు. తిరువారూరు వారి నివాసం. హంసధ్వని రాగాన్ని కల్పించినవారు ఆయనే. ఏ కచేరీలో గణపతి కీర్తన హంసధ్వనిలో మొదలైనా ఆయనకు ఋణపడి ఉన్నట్టే. నూటెనిమిది రాగాలను, తాళాలను గుదిగుచ్చి ఒకే మాలికగా ఆయన రచించిన కృతి తిరుపతి వెంకటేశ్వరుని మీద, తెలుగు భాషలో ఉన్నది. ఇంట్లో మాట తమిళం, చదువు సంస్కృతం, పాట తెలుగు. ఆనాటి కావేరీతీరపు విద్వాంసుల ఇండ్లలో ఇది వింత కాదు.

ఆయనకు ముగ్గురు కొడుకులు, ఒక కూతురు. పెద్దవారు ముత్తుస్వామి, 1775లో జననం. రెండవవారు చిన్నస్వామి, 1778లో జననం. అందరికంటే చిన్నవారైన బాలస్వామి 1786లో పుట్టినారు. అంటే కయత్తారులో ఉరి జరిగిననాటికి పదమూడేండ్ల పిల్లవాడన్నమాట. పెద్దన్నకు, తమ్మునికి పదకొండేండ్ల ఎడం. అన్న వీణ పట్టి కూర్చుంటే ఆ పాదాల దగ్గర కూర్చుని పెరిగిన బాలుడు. గాత్రం, వీణ, స్వరబత్తు, మృదంగం, చేతికి ఏది దొరికితే అది నేర్చే స్వభావం. ఒక్క వాద్యానికి కట్టుబడి ఉండే అన్నకు, కనబడ్డ ప్రతి తంతినీ మీటి చూచే తమ్మునికి మధ్య భేదం అప్పుడే తెలుస్తుంది.

చెన్నపట్నానికి ఉత్తరాన మణలి అనే ఊరు ఉన్నది. అక్కడి ముద్దుకృష్ణ మొదలియారుగారు కుంపిణీవారికి దుబాసీ. అటు దొరలతో ఇంగ్లీషు, ఇటు జనంతో దేశభాషలు మాట్లాడి, రెండు ప్రపంచాల నడుమ నిలిచి ధనం గడించిన వర్గం దుబాసీలది. సంగీతమంటే ప్రాణం పెట్టే ఆ మొదలియారుగారు దీక్షితుల కుటుంబాన్నంతా మణలికి రప్పించి పోషించినారు. ఆయన తరువాత కొడుకు వెంకటకృష్ణ మొదలియారు, చిన్నయ్య మొదలియారని వాడుక పేరు, ఆ ఆదరాన్ని కొనసాగించినారు. ఈ చిన్నయ్య మొదలియారుగారికి కోటలో ప్రవేశం ఉండేది. సెంట్ జార్జి కోటలో దొరల బ్యాండుమేళం వాయిస్తూ ఉంటే దీక్షితుల అన్నదమ్ములను వెంటబెట్టుకుపోయి వినిపించేవారు.

ఆ మేళం విని అన్నదమ్ములిద్దరూ చెరొకటి ఇంటికి తెచ్చుకున్నారు. అన్న మెట్టులను తెచ్చుకున్నారు. ఇంగ్లీషువారి రాజగీతంతో సహా ఎన్నో పాటల మెట్టులకు ముత్తుస్వామి దీక్షితులు సంస్కృత సాహిత్యం కూర్చినారు. నోట్టుస్వరాలని వాటికి పేరు. సుమారు నలభై ఉన్నవి. తమ్ముడు తెచ్చుకున్నది మెట్టు కాదు, వాద్యం. బాలస్వామికి ఆ ఫిడేలు మీద మనసు పడ్డదని గ్రహించి, చిన్నయ్య మొదలియారు ఒక యూరోపియను ఫిడేలు వాద్యగానిని కుదిర్చి, జీతం తామే ఇచ్చి, మూడేండ్లపాటు నేర్పించినారు. దొర మన పిల్లవానికి సరళీస్వరాలు చెప్పలేడు. మన పిల్లవానికి దొర పాట అక్కరలేదు. ఇద్దరికీ నడుమ ఉన్నది కమాను పట్టే తీరు, వ్రేళ్ళు వేసే తీరు మాత్రమే. ఆ మూడేండ్లలో తీసుకోవలసినది తీసుకుని, తక్కినది దొరకే వదలిపెట్టి వచ్చినారు బాలస్వామి దీక్షితులు.

కర్ణాటక సంగీతానికి ఫిడేలు తెచ్చిన ఘనత మరి ఇద్దరికి కూడా చెబుతారు. తంజావూరు శరభోజి మహారాజు మంత్రి వరాహప్పయ్యగారు చెన్నపట్నంలో గవర్నరు బంగళాకు పోతూ వస్తూ నేర్చుకున్నారని ఒక మాట. తంజావూరు నలుగురు అన్నదమ్ములలో చిన్నవాడైన వడివేలుగారికి మిషనరీ స్వార్ట్జ్ దొర నేర్పినాడని మరొక మాట. ఈ రెండవది మాత్రం నిలువదు. స్వార్ట్జ్ దొర 1798లో చనిపోయినారు. వడివేలుగారు పుట్టింది 1810లో. వడివేలుగారూ ఆయన అన్నలూ ముత్తుస్వామి దీక్షితులవారి శిష్యులన్న సంగతి మరచి, గురువును సముద్రాల కవతల వెదకనేల?

ఇక ఆ ఫిడేలు మన సభలోకి వచ్చిననాటి పరిస్థితిని కొంచెం ఊహించుకుందాము. అది చేతిలో ఇమిడే చిన్న కొయ్య డొల్ల. నాలుగే తంతులు, వీణకున్నట్లు మెట్లు లేవు. ఆ కాలపు ఫిడేలు తంతులు గొర్రె ప్రేగులతో చేసినవి. కమానుకు కట్టేది గుర్రపు తోక వెంట్రుకలు. వాటికి గుగ్గిలం రుద్దితేగాని నాదం రాదు. దొరలు దానిని నిలబడి, గడ్డం క్రింద నొక్కిపట్టి వాయిస్తారు. సరస్వతీదేవి చేతిలోని వీణకు నమస్కరించి గాని సాధన మొదలుపెట్టని వైదిక గృహంలోకి ఈ ప్రేగును, ఈ వెంట్రుకలను తెచ్చినప్పుడు ముఖం చిట్లించినవారు ఉండకపోరు. అటువంటివారికి జవాబు కూడా ఆ ఇంట్లోనే ఉన్నది. మృదంగానికి మూసేది చర్మమే కదా! దేవుని ఎదుట చర్మం మ్రోగవచ్చుగాని ప్రేగు మ్రోగరాదా?

అయితే అసలు పరీక్ష ఆచారంలో లేదు, చెవిలో ఉన్నది. ఆనాడు పాటకు తోడుగా వీణ వాయించేవారు. వీణ నాదం అమృతప్రాయమే, కాని మీటిన క్షణంలో పుట్టి, ఆ తరువాత క్షీణించిపోతుంది. గాయకుడు తారషడ్జం మీద నిలిచి ఊపిరి ఉన్నంతసేపు స్వరాన్ని సాగదీస్తే, వీణ మళ్ళీమళ్ళీ మీటి ఆ స్వరాన్ని గుర్తు చేయగలదేగాని, ఆ ఊపిరితోపాటు సాగలేదు. ఫిడేలుకు కమాను ఉన్నది. కమాను నడిచినంతసేపు నాదం ఆగదు. మెట్లు లేవు గనుక వ్రేలు ఒక స్వరంనుండి మరొక స్వరానికి జారుతూ పోవచ్చు. మన సంగీతానికి ప్రాణమైన జారు, కంపితం, ఇతర గమకాలు గొంతులో ఎలా పలుకుతవో అలాగే దానిలో పలుకుతవి. దొరల చేతిలో ఈ గుణం సగం పడుకునే ఉండెనని మా అభిప్రాయం. వారి సంగీతానికి స్థిరమైన స్వరాలు కావాలి, మనకు కదిలే స్వరాలు కావాలి. మెట్లులేని ఆ పలక మనకోసమే ఎదురుచూస్తున్నదా అన్నట్లుంటుంది.

తోడి విద్వాంసులు, శ్రోతలు ఈ వాద్యాన్ని ఎట్లా గ్రహించినారో తెలుసుకోవాలంటే దానిని ఎట్లా మార్చినారో చూస్తే చాలు. మొట్టమొదట దానిని కూర్చోబెట్టినారు. మన గాయకుడు పద్మాసనం వేసుకుని నేలమీద కూర్చుంటే ప్రక్కవాద్యగాడు నిలబడి ఉండడం సభామర్యాద కాదు. అందుచేత ఫిడేలు తల కుడికాలి మడమమీద, దాని రెండవ కొన రొమ్ముమీద ఆన్చే పద్ధతి వచ్చింది. వాద్యానికి రెండు ఊతలు దొరికినవి గనుక ఎడమచేతికి దానిని మోసే పని తప్పింది. ఆ చేయి పలకమీద స్వేచ్ఛగా జారి గమకం పలికించవచ్చు. మర్యాదకోసం చేసిన మార్పు సంగీతానికే లాభించింది.

తరువాత దాని శ్రుతి మార్చినారు. దొరల ఫిడేలుకు నాలుగు తంతులూ నాలుగు వేర్వేరు స్థిరమైన స్వరాలకు కట్టుబడి ఉంటవి. ఎవరు పాడినా, ఏది వాయించినా అవి మారవు. మన పద్ధతిలో ఆ నాలుగు తంతులు షడ్జమం, పంచమం, మళ్ళీ షడ్జమం, పంచమంగా కూడుకున్నవి. ఆ షడ్జమం ఏదంటే గాయకుడు ఏది పెట్టుకుంటే అది. మగవారి మంద్రమైన గొంతుకు తగ్గి, స్త్రీల గొంతుకు హెచ్చి, తంబురాతో కలిసిపోవాలి. బిరడలు త్రిప్పి తనను తాను గాయకునికి సమానం చేసుకోవాలి. అంటే దొరల బ్యాండులో తన స్థానం తానే నిర్ణయించుకున్న వాద్యం, మన సభలో గాయకుని అడిగి కూర్చున్నదన్నమాట. ఈ మార్పులన్నీ ఒక్కనాటివీ కావు, ఒక్కరు చేసినవీ కావు. ఒక రెండు మూడు తరాల చేతులు వీటిలో ఉన్నవి. ఆ దారికి మొదలు మాత్రం మణలిలో దొర ఎదుట కూర్చున్న బాలస్వామి దీక్షితులవారిదే.

ఇక్కడ మేము ఒక మాట చెప్పక తప్పదు. అన్నగారి నోట్టుస్వరాలు చక్కనివి, పిల్లలకు నేర్పదగినవి. కాని వాటిలో మెట్టు పరాయిది, దానికి మన సాహిత్యం తొడుగు వేసినట్లుంటుంది. నేటికీ అవి పాఠశాల మెట్టుమీదనే ఉన్నవి. తమ్ముడు పరాయి మెట్టును వదలిపెట్టి పరాయి కొయ్యను తెచ్చి, దానినుండి తోడిని, కాంభోజిని, ఖరహరప్రియను పలికించవచ్చునని చూపించినారు. అది కచేరీ నడుమకు వచ్చి కూర్చున్నది. వాగ్గేయకారునిగా అన్నగారి ముందు తమ్ముడు నిలువరు, అందులో సందేహం లేదు. ఈ ఒక్క విషయంలో మాత్రం తమ్ముని ఎన్నికే లోతైనదనిపిస్తుంది.

మణలి సుఖం కలకాలం నిలువలేదు. కుటుంబం మళ్ళీ తిరువారూరు చేరింది. 1817లో తండ్రిగారు గతించినారు. చిన్నస్వామి, బాలస్వామి ఇద్దరూ జంటగా పాడేవారు, జంటగా తిరిగేవారు. చిన్నస్వామి దీక్షితులకు కంటిచూపు పోయింది. చూపులేని అన్నను చేయిపట్టి నడిపిస్తూ, ఊరూరా ప్రభువులను ఆశ్రయిస్తూ వీరు మధుర ప్రాంతానికి వచ్చినారు. 1823లో చిన్నస్వామి మధురలో కాలం చేసినారు. పోషకుడు లేడు, తండ్రి లేడు, జంటగొంతు లేదు. ముప్పది ఏడేండ్ల వయస్సులో ఆయనకు మిగిలింది విద్య ఒక్కటే.

ఆ సమయంలో ఆదుకున్నది ఎట్టయాపురం సంస్థానం. ఈ ఊరు కోవిల్‌పట్టికి తూర్పున సుమారు పదిహేను కిలోమీటర్లలో ఉన్నది. కావేరి కాలువలు, కొబ్బరితోపులు చూచి పెరిగిన కంటికి ఈ సీమ ఎట్లా కనబడి ఉంటుందో మనకు తెలియనిది కాదు. కనుచూపుమేర నల్లరేగడి. వాన పడితే కాలు కూరుకుపోయే బురద, ఎండ కాస్తే చేయి దూరేంత బీట. జొన్న, సజ్జ, ప్రత్తి తప్ప వరిచేను అరుదు. మన పూర్వులు విజయనగరం కాలంనుండి వచ్చి దున్నిన నేల ఇదే. ఈ మెట్ట సీమలో, ఇంట తెలుగు మాట్లాడే ప్రభువుల కొలువులో, తెలుగులో దరువులు, వర్ణాలు చెల్లుబాటయ్యే సభలో, బాలస్వామి దీక్షితులు ఆస్థాన విద్వాంసులైనారు. తక్కిన జీవితమంతా ఇక్కడనే గడిపినారు.

కుంపిణీవారికి తోడుపడ్డ కొలువులో కుంపిణీవారి వాద్యం మ్రోగడం సహజమే కదా అని ఎవరైనా అనవచ్చు. ఆ మాటలో కొంత నిజం ఉన్నదిగాని చాలా కొంచెం. దొరలను మెప్పించడానికే అయితే బ్యాండుమేళం పెట్టుకోవచ్చు, ఎన్నో సంస్థానాలు పెట్టుకున్నవి కూడా. ఎట్టయాపురం సభలో దీక్షితులవారి ఫిడేలు పలికింది దొర మెట్టు కాదు. ఆ ప్రభువుల ఇలవేల్పు కళుగుమలై కుమారస్వామి. ఆ కొండమీది దైవాన్నీ, ఆ ప్రభువులనూ కీర్తించిన రచనలు దీక్షితుల ఇంట వెలసినవి. కట్టబొమ్మ కథ విని ఎట్టయాపురం పేరెత్తితే ఉమ్మివేసేవారు కూడా, ఆ ఊరు లేకపోతే దీక్షితుల సంప్రదాయం మనకు ఎంత దక్కి ఉండేదో ఒక్కసారి లెక్క చూచుకోవాలి. చరిత్రలో ఒకే గడప ఒకవైపు నల్లగాను, ఒకవైపు తెల్లగాను ఉండవచ్చు.

తమ్ములు కష్టాలలో ఉన్నారని విని ముత్తుస్వామి దీక్షితులు మధురకు బయలుదేరి వచ్చినారు. వచ్చేసరికి చిన్నస్వామి లేరు, బాలస్వామి ఎట్టయాపురంలో ఉన్నారని తెలిసింది. ఆ దారి పట్టి వస్తుండగా ఎండి బీటలువారిన ఈ చేలను, పశువుల డొక్కలను చూచి కరగిపోయి, అమృతవర్షిణి రాగంలో అమ్మవారిని ప్రార్థించగా కుంభవృష్టి కురిసిందని పెద్దలు చెబుతారు. సాత్తూరు, కోవిల్‌పట్టి ప్రాంతంలో ఉన్న మనకు ఈ కథమీద మమకారం ఎక్కువ. వాన రాకకోసం ఆకాశం వంక చూచే నేలలో పుట్టిన కథ ఇది. ఎట్టయాపురంలో అప్పుడు బాలస్వామికి వివాహం జరుగుతున్నదట. చాలాకాలం తరువాత అన్నదమ్ములు కలుసుకున్నది ఆ పెండ్లిపందిటిలో.

పెద్దన్నగారు తరువాత ఎట్టయాపురంలోనే ఉండిపోయినారు. అప్పుడు ఒకే కప్పు క్రింద అన్నగారి వీణ, తమ్ముని ఫిడేలు ఉన్నవి. అన్నగారి వీణకు యాళిముఖం పైకి చూస్తూ ఉండేదని, కాశిలో గంగలో దిగినప్పుడు అది ఆయన చేతికి వచ్చిందని ప్రతీతి. తమ్ముని వాద్యం వచ్చింది సెంట్ జార్జి కోటనుండి. ఒకటి గంగనుండి, ఒకటి సముద్రం మీదినుండి. ముత్తుస్వామి దీక్షితులవారి కృతులు విళంబకాలంలో, ఏనుగు నడకవలె సాగుతవి. ఒక్కొక్క స్వరంమీద వీణ తంతిని లాగి రాబట్టిన గమకం వాటికి ఆభరణం. అటువంటి సంగీతాన్ని పరదేశపు ఫిడేలు పలికించగలిగినదంటే దానికి అంతకు మించిన యోగ్యతాపత్రం ఉండదు. వైణిక శిఖామణియైన అన్నగారు తమ్ముని ఇంటనే కడవరకు నిలిచినారు. 1835 నరకచతుర్దశినాడు శిష్యులు మీనాక్షీదేవిమీది కృతి పాడుతుండగా ఆయన దేహం చాలించినారు. ఆయన సమాధి ఎట్టయాపురంలో ఉన్నది. మన కుటుంబాలు పిల్లలను తీసుకుపోయి చూపించదగిన స్థలం.

ఆ లోపలనే ఫిడేలు కొండలు దాటింది. 1834లో తిరువాన్కూరు ప్రభువు స్వాతితిరునాళ్ మహారాజు వడివేలుగారి వాదనకు మెచ్చి దంతంతో చేసిన ఫిడేలును బహూకరించినారు. ఏనుగు దంతం రాజ్యసంపదకు గుర్తు. ఒక తరం క్రితం గుగ్గిలం వాసనతో బ్యాండు వరుసలో నిలబడ్డ కొయ్యను మహారాజులు దంతంతో చేయించి ఇచ్చే దశ వచ్చిందంటే, శ్రోతల మనస్సు ఎంత త్వరగా తిరిగిందో చూడండి. వడివేలుగారు దీక్షిత శిష్యులు కావడం వల్ల ఆ దంతపు ఫిడేలు కాంతి కొంత ఎట్టయాపురంమీద కూడా పడుతుంది.

బాలస్వామి దీక్షితులవారి కుమార్తె అన్నపూర్ణమ్మ. ఆమె కొడుకు 1839లో తిరువారూరులో పుట్టినాడు. చిన్నతనంలోనే తాతగారి దగ్గరకు వచ్చినాడు. తాతగారు అతనిని దత్తత చేసుకున్నారు. ఆ బాలునికి ఆయన సంగీతం నేర్పిన తీరు గమనింపదగినది. మూడేండ్లు దొర దగ్గర కూర్చుని సాధించిన ఫిడేలును వంశవిద్యగా రుద్దలేదు. గాత్రం నేర్పినారు, వీణ నేర్పినారు. అంటే తనకు ఇష్టమైన వాద్యం ఏదో, ఇంటికి ఆధారమైన విద్య ఏదో ఆయనకు స్పష్టంగా తెలుసు. ఇష్టవాద్యం మోజులో ఇంటివిద్యను మరువలేదు. ఈ వివేకం చాలా కొద్దిమంది నూతనప్రియులలో కనబడుతుంది. 1858లో బాలస్వామి దీక్షితులు ఎట్టయాపురంలోనే గతించినారు. డెబ్బది రెండేండ్ల జీవితం. తాతగారి స్థానంలో పందొమ్మిదేండ్ల మనుమడు ఆస్థాన విద్వాంసుడుగా కూర్చున్నాడు.

ఫిడేలు గెలిచింది, నిజమే. గెలిచిన దానికి ఒక మూల్యం కూడా ఉన్నది, అది చెప్పకుండా కథ ముగిస్తే న్యాయం కాదు. గాయకుని ప్రక్కన వీణ కూర్చునే ఆచారం క్రమంగా అంతరించింది. వీణ తన కచేరీ తాను చేసుకునే వాద్యంగా, లేదా పెండ్లికూతురు నేర్చుకునే విద్యగా మిగిలింది. కమానుతో సాగే నాదానికి అలవాటుపడ్డ చెవికి మీటి వదిలే నాదం చాలకపోయింది. ఇది ఫిడేలు తప్పు కాదు, ఏ ఒక్కరి తప్పూ కాదు. కాని తమ్ముడు తెచ్చిన వాద్యం అన్నగారి వాద్యాన్ని ప్రక్కస్థానంనుండి లేపిందన్నమాట వాస్తవం. ఎట్టయాపురంలో ఆ రెండూ ఒకే ఇంట కలసి ఉన్న రోజులే వాటి స్నేహానికి ఉత్తమ దశ అని మాకు అనిపిస్తుంది.

మన తెలుగుదేశంలో ఈ వాద్యం ఎంత సొంతమైపోయిందో చెప్పడానికి ద్వారం వెంకటస్వామినాయుడుగారి పేరు చాలు. విజయనగరంలో 1919లో సంగీత కళాశాల వెలసినప్పుడు ఫిడేలు ఆచార్యులుగా చేరి, 1936లో దానికే అధ్యక్షులైన మహానుభావుడాయన. ప్రజలు ముద్దుగా ఫిడేలు నాయుడుగారన్నారు. వాయులీనమని పండితులు పేరు పెట్టినా ఆ పిలుపు ముందు నిలువలేదు. ఒక పరదేశపు మాట ఒక తెలుగువాని ఇంటిపేరులా అమరిపోయింది. గాయకుని వెనుక నడవడమే ధర్మంగా ఉన్న ఆ వాద్యంతో నాయుడుగారు కచేరీ అంతా తామే నడిపి చూపించినారు. 1952లో పాశ్చాత్య ఫిడేలు విద్వాంసులలో అగ్రగణ్యుడైన యెహూదీ మెనూహిన్ మద్రాసు వచ్చి నాయుడుగారి వాదనం విని ముగ్ధుడైనాడు. సెంట్ జార్జి కోటలో దీక్షితుల పిల్లలు చెవులప్పగించి నిలబడి సుమారు నూటయేబది ఏండ్లకు, అదే పట్నంలో, చెవులప్పగించే వంతు అవతలివారిదైంది.

బాలస్వామి దీక్షితులవారి జీవితం ఇంతమాత్రమైనా మనకు తెలియడానికి కారణం ఆ మనుమడే. చెన్నపట్నం చిన్నస్వామి మొదలియారుగారు మన కృతులను పాశ్చాత్య స్వరలిపిలో అచ్చువేయించిన క్రైస్తవ సంగీతాభిమాని. సుబ్బరామ దీక్షితుల దగ్గరనున్న విద్యానిధి వారితోనే పోకూడదని ఎట్టయాపురం ప్రభువుకు ఆయన నచ్చజెప్పినారు. తాతగారిది దొరల వాద్యం, మనుమనికి తోడ్పడ్డవారు దొరల స్వరలిపి తెలిసినవారు. ఎట్టయాపురం అచ్చుకూటంలో, ఆ ప్రభువు ఖర్చుతో, 1904లో సంగీత సంప్రదాయ ప్రదర్శిని వెలువడింది. సుమారు 1700 పుటల గ్రంథం. గమకాలకు గుర్తులు కల్పించి, దీక్షిత కృతులను స్వరసహితంగా నిలబెట్టిన ఆ పుస్తకంలోనే వాగ్గేయకారుల చరిత్రలూ ఉన్నవి. తాతగారి మణలి కథ, మూడేండ్ల ఫిడేలు కథ వచ్చినవి అక్కడినుండే. రెండేండ్లకు, 1906లో, సుబ్బరామ దీక్షితులు కన్నుమూసినారు.

ఆ గ్రంథం తెలుగు లిపిలో అచ్చయింది. అచ్చయిన ఊరికి గంట ప్రయాణం దూరంలో తెలుగు మాట్లాడే ఇండ్లు వేలున్నవి. వాటిలో ఆ లిపి చదవగల పిల్లలు ఎందరున్నారో మనలో ప్రతి ఇంటివారికీ తెలుసు. 1961 నుండి మద్రాసు సంగీత విద్వత్సభవారు ఆ గ్రంథాన్ని సంపుటాలుగా తమిళ లిపిలోనికి మార్చి ప్రకటించినారు. కోవిల్‌పట్టిలో ఫిడేలు నేర్చుకునే మన పిల్లలు బాలస్వామి దీక్షితులవారి చరిత్రను నేడు ఆ తమిళ ప్రతిలోనే చదువుకుంటున్నారు.